హెచ్‌డీఆర్ మొదలుపెట్టేవాళ్లకి: ముందు వెలుగుని కొలవండి

హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్, అంటే ఒకే సీన్‌ని ఎక్కువ వెలుగుతో, తక్కువ వెలుగుతో కొన్నిసార్లు తీసి ఒకే ఫొటోగా కలపడం) ఫొటోలు తీయాలని ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ కెమెరాలో స్పాట్ మీటరింగ్, అంటే సీన్‌లో ఒక చిన్న చోటి వెలుగుని మాత్రమే కొలిచే ఏర్పాటు, ఎక్కడుందో వెతకండి. ఇందులో సగానికి పైగా పని కంప్యూటర్ ముందు కూర్చోకముందే అయిపోతుంది. ఎదురుగా ఉన్న సీన్‌లో బాగా వెలుగున్న చోట ఎంత వెలుగుంది, బాగా చీకటిగా ఉన్న చోట ఎంత ఉంది, రెండిటికీ తేడా ఎంత, ఇవి తెలిస్తే ఎన్ని ఫ్రేములు తీయాలో, ఏ షట్టర్ స్పీడ్‌లో (అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచి) తీయాలో దానంతటదే తేలిపోతుంది. అవేవీ చూసుకోకుండా తీసుకొచ్చిన ఫైళ్లని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో వేసినా, ఉన్నదాన్ని సాగదీస్తుంది తప్ప సెన్సర్ మీద పడని వెలుగుని అది ఎక్కణ్ణుంచి తెస్తుంది?

డైనమిక్ రేంజ్ అనే మాట దగ్గర మొదలుపెడదాం. బాగా వెలుగున్న చోటికీ బాగా చీకటిగా ఉన్న చోటికీ ఉన్న తేడానే అది. ఫొటోగ్రఫీలో వెలుగుని స్టాప్‌లలో లెక్కపెడతాం. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, ఒక స్టాప్ తగ్గితే సగం. రెట్టింపు మీద రెట్టింపు కాబట్టి అంకె చిన్నదిగానే కనిపిస్తుంది కానీ తేడా చాలా త్వరగా పెరిగిపోతుంది. 3 స్టాప్‌లంటే 8 రెట్లు, 7 స్టాప్‌లంటే 128 రెట్లు, 10 స్టాప్‌లంటే 1,024 రెట్లు. ఈ రోజుల్లో మంచి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ అన్నిటికంటే తక్కువ ఐఎస్ఓ (సెన్సర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అంకె) దగ్గర దాదాపు 14 స్టాప్‌లు పట్టుకోగలదు. ఐఎస్ఓ పెంచేకొద్దీ అది తగ్గుతూ పోతుంది, చిన్న సెన్సర్లలో అయితే మొదటి నుంచే తక్కువ. 14 స్టాప్‌లంటే చాలా ఎక్కువే కదా, ఇక నాలుగైదు ఫొటోలు తీసి కలపడం దేనికి అనిపిస్తుంది. చిక్కేంటంటే ఆ పద్నాలుగులో అడుగున ఉన్న మూడు నాలుగు స్టాప్‌లు లెక్కలో ఉంటాయే గానీ వాడుకోవడానికి పనికిరావు, అక్కడ వివరం కంటే నాయిస్ ఎక్కువ.

ఈ నాయిస్ సంగతి కాస్త దగ్గరగా చూడాలి, అసలు హెచ్‌డీఆర్ ఎందుకు పనిచేస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్‌లో పడే వెలుగంటే ఫోటాన్ల లెక్క. అవి వానచినుకుల్లాగా పడతాయి, పక్కపక్కనే రెండు గిన్నెలు పెట్టినా రెండిట్లో సరిగ్గా ఒకే లెక్కన చినుకులు పడవు. ఆ హెచ్చుతగ్గులే నాయిస్. ఎంత హెచ్చుతగ్గు ఉంటుందంటే సుమారుగా పడిన ఫోటాన్ల సంఖ్యకి వర్గమూలం అంత. ఒక పిక్సెల్‌లో 100 ఫోటాన్లు పడితే అటూ ఇటూ 10 తేడా, అంటే 10 శాతం, కంటికి ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. అదే పిక్సెల్‌లో 10,000 ఫోటాన్లు పడితే తేడా 100, అంటే 1 శాతమే, నున్నగా కనిపిస్తుంది. నీడలో ఉన్న గోడ మీద వివరం కావాలంటే ఆ గోడ నుంచి ఎక్కువ ఫోటాన్లు రావాలి, దానికి సూటి దారి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడం. కానీ అలా తెరిచి ఉంచితే కిటికీ బయటి ఆకాశం తెల్లగా కాలిపోతుంది. అందుకే ఆకాశం కోసం ఒక ఫ్రేమ్, గోడ కోసం ఒక ఫ్రేమ్. మొత్తం హెచ్‌డీఆర్ ఇంతే.

దీనికి తోడు రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన వెలుగుని అలాగే దాచే ఫైల్) వెలుగు మెట్ల లెక్క కూడా ఒకటుంది. 14 బిట్ రా ఫైల్‌లో 16,384 మెట్లు ఉంటాయి. అవి అన్ని స్టాప్‌లకీ సమానంగా పంచరు, సెన్సర్ వెలుగుని ఉన్నది ఉన్నట్టు లెక్కపెడుతుంది కాబట్టి అన్నిటికంటే పైనున్న స్టాప్‌కే 8,192 మెట్లు పోతాయి, దాని కింద స్టాప్‌కి 4,096, ఆ కింద 2,048, అలా దిగుతూ పదో స్టాప్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేవి 16. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి మొత్తం 256 మెట్లే. అందుకని బ్రాకెట్లు, అంటే ఇలా వేరువేరు వెలుగులతో వరసగా తీసే ఫ్రేములు, రా ఫైళ్లుగానే తీయండి, మెమరీ కార్డు నిండిపోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి.

ఇదంతా డిజిటల్ కెమెరాలతో వచ్చిన గొడవ కూడా కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రం ఫొటోలు తీసేటప్పుడు ఇదే సమస్య. ఆ కాలపు గాజు ప్లేట్లకి నీలం రంగంటే మరీ సున్నితం, సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్ (ప్లేట్ మీద పడనిచ్చే వెలుగు) ఇస్తే ఆకాశం మొత్తం తెల్లబడిపోయేది. అప్పుడాయన ఆకాశానికి ఒక నెగటివ్, నీళ్లకి ఒక నెగటివ్ వాడి, రెండిటినీ క్షితిజ రేఖ దగ్గర కలిపి ఒకే ప్రింట్ వేశాడు. మనం ఈరోజు రెండు లేయర్లు పెట్టి మాస్క్ గీస్తున్నామంటే చేస్తున్నది అదే పని. తర్వాత 1995లో పరిశోధకులు స్టీవ్ మాన్, రోసలిండ్ పికార్డ్ వేరువేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలని లెక్క కట్టి కలపడం మీద పేపర్ రాశారు, 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ రాసిన పేపర్‌తో ఆ లెక్క బాగా స్థిరపడింది. వరసగా తీసిన ఫొటోల నుంచి ముందు కెమెరా వెలుగుకి ఎలా స్పందిస్తుందో కనిపెట్టి, దాన్ని బట్టి సీన్‌లో ఒక్కో చోట నిజంగా ఎంత వెలుగుందో వెనక్కి లెక్కగట్టడం వాళ్ల పద్ధతి. సినిమాల్లో కంప్యూటర్‌తో చేసిన వస్తువు మీద అసలు సీన్‌లోని వెలుగే పడినట్టు చూపించడానికి కూడా ఈ పని పునాది అయింది.

సరే, చేతిలోకి కెమెరా తీసుకుందాం. మొదలుపెట్టడానికి ఒక గది, పగటిపూట, ఎదురుగా కిటికీ, బయట ఎండ. ఇంతకంటే మంచి పాఠం లేదు, ఏదీ కదలదు, తొందర ఉండదు, తేడా మాత్రం పుష్కలంగా ఉంటుంది. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. మాన్యువల్ మోడ్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ 100. మీటరింగ్‌ని స్పాట్‌కి మార్చి, కిటికీలోంచి కనిపిస్తున్న ఎండలో ఏదైనా మధ్యరకం వెలుగున్న చోటు మీద పెట్టి మీటర్ సున్నా దగ్గరికి వచ్చేదాకా షట్టర్ స్పీడ్ తిప్పండి. నడినెత్తి ఎండలో ఉన్న వస్తువుకి ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర అది 1/500కి అటూ ఇటుగా వస్తుంది. ఇప్పుడదే స్పాట్‌ని గది లోపలి గోడ మీదకి తిప్పండి. కాస్త వెలుగొచ్చే గదైతే 1/4 సెకను రావచ్చు. 1/500 నుంచి 1/250, 1/125, 1/60, 1/30, 1/15, 1/8, 1/4, లెక్కపెట్టుకుంటూ వస్తే 7 స్టాప్‌లు. బయట మధ్యరకం వెలుగుకీ లోపల మధ్యరకం వెలుగుకీ మధ్యే 7 స్టాప్‌ల తేడా అన్నమాట. బయటి మేఘం దానికంటే ఇంకో రెండు స్టాప్‌లు పైన ఉంటుంది, లోపల బల్ల కింది నీడ గోడ కంటే మూడు నాలుగు స్టాప్‌లు కింద ఉంటుంది. మొత్తం కలిపితే 12, 13 స్టాప్‌లు. ఒక్క రా ఫైల్‌లో ఇరికించొచ్చు, కానీ బల్ల కింద ఇసక చల్లినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఫ్రేములు లెక్కేసుకోండి. 1/500తో మొదలుపెట్టి రెండేసి స్టాప్‌ల తేడాతో 1/125, 1/30, 1/8, 1/2. ఐదు ఫ్రేములు. మొదటి దాంట్లో కిటికీ బయట అంతా చక్కగా ఉంటుంది, గది దాదాపు నల్లగా ఉంటుంది. చివరి దాంట్లో బల్ల కింద కూడా కనిపిస్తుంది, కిటికీ ఉత్త తెల్ల పలక. కెమెరాలో ఆటో బ్రాకెటింగ్ ఉంటే మధ్య ఎక్స్‌పోజర్ 1/30 పెట్టి, రెండేసి స్టాప్‌ల తేడాతో ఐదు ఫ్రేములు అని చెబితే అదే తీసేస్తుంది. కొన్ని కెమెరాలు మూడు ఫ్రేములే ఇస్తాయి, అలాంటప్పుడు మూడు తీసి, మిగతా రెండూ షట్టర్ స్పీడ్ చేత్తో మార్చి తీసుకోవడమే.

ఎన్ని స్టాప్‌ల తేడాతో తీయాలి అన్నదాని మీద చాలామంది మరీ మథనపడతారు. రా ఫైళ్లకి రెండు స్టాప్‌ల తేడా చాలు. ఒక్కో స్టాప్ తేడాతో తొమ్మిదేసి ఫ్రేములు తీయడం వల్ల నీడల్లో కాస్త మెరుగు కనిపిస్తుంది కానీ తీసే సమయం పెరిగి మధ్యలో ఏదో ఒకటి కదిలే అవకాశం కూడా పెరుగుతుంది, ఆ బేరం నాకు నచ్చదు.

ఫ్రేముకీ ఫ్రేముకీ మారాల్సింది షట్టర్ స్పీడ్ ఒక్కటే, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అపర్చర్ మారిస్తే ఎంత లోతు వరకూ షార్ప్‌గా ఉందో అది మారిపోతుంది, ఒక ఫ్రేములో వెనక గోడ స్పష్టంగా, ఇంకో ఫ్రేములో మసకగా ఉంటే కలిపేటప్పుడు అంచులన్నీ రెండేసిగా కనిపిస్తాయి. ఐఎస్ఓ పెంచితే పైన చెప్పిన ఫోటాన్ల లాభం పోతుంది, సెన్సర్‌కి కొత్తగా వెలుగేమీ రాదు. అందుకే ఆటో ఐఎస్ఓ తప్పకుండా ఆపండి, అది ఆన్‌లో ఉండి బ్రాకెటింగ్ చేస్తే కొన్ని కెమెరాలు షట్టర్ బదులు ఐఎస్ఓని మార్చేస్తాయి. ఫోకస్ ఒకసారి ఆటోలో పట్టుకుని, మాన్యువల్‌కి మార్చేయండి. చీకటి ఫ్రేముకి ఒకచోట, వెలుగు ఫ్రేముకి ఇంకోచోట ఫోకస్ వెతుక్కునే పని దానికి ఇవ్వొద్దు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగు సర్దుబాటు) కూడా ఒకదాని మీద కట్టేయండి, రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చు నిజమే కానీ అన్ని ఫ్రేములూ ఒకేలా కనిపిస్తుంటే హిస్టోగ్రామ్ (ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు, ఎంత వెలుగున్న పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకోవడం తేలిక. రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కినప్పటి అదురు ఉండదు, చాలా కెమెరాల్లో బ్రాకెటింగ్‌తో పాటు టైమర్ పెడితే ఒక్క నొక్కుతో అన్ని ఫ్రేములూ వరసగా పడతాయి. ఫ్లాష్ వద్దు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ట్రైపాడ్ మీద ఆపేయడం మంచిది.

తీశాక కెమెరా వెనక స్క్రీన్ మీద ఫొటో బాగుందా లేదా అని కాదు, హిస్టోగ్రామ్ చూడాలి. అన్నిటికంటే చీకటి ఫ్రేములో గ్రాఫ్ కుడి గోడకి తగలకూడదు. తగిలిందంటే మేఘం ఇంకా కాలిపోతోందని, ఇంకో రెండు స్టాప్‌లు కిందికి తీయాలి. అన్నిటికంటే వెలుగు ఫ్రేములో ఎడమ గోడ దగ్గర గ్రాఫ్ ఖాళీగా ఉండాలి, నీడలన్నీ కనీసం గ్రాఫ్ మధ్య దాకా జరిగి ఉంటే ఇంకా మంచిది. ఈ రెండు చివర్లూ సరిగ్గా ఉంటే మధ్యలో ఫ్రేములు వాటంతటవే సరిపోతాయి. కిటికీలోంచి నేరుగా సూర్యుడే కనిపిస్తుంటే మాత్రం సూర్యబింబంలో వివరం కోసం పాకులాడకండి, అది తెల్లగానే ఉండాలి, దాని చుట్టూ ఉన్న ఆకాశం దక్కితే చాలు.

ట్రైపాడ్ లేకపోతే కుదరదా అంటే కుదురుతుంది. ఆరుబయట బాగా వెలుగున్నప్పుడు, అన్నిటికంటే నెమ్మది ఫ్రేము కూడా చేత్తో పట్టుకోగలిగే స్పీడ్‌లో ఉంటే, బరస్ట్ మోడ్‌లో బ్రాకెటింగ్ పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే మూడు ఫ్రేములూ ఒక్క క్షణంలో పడిపోతాయి. కొద్దిపాటి కదలికని సాఫ్ట్‌వేర్ సరిచేసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడుతుంది. చూసుకోవాల్సింది మధ్య ఫ్రేము స్పీడ్ కాదు, చివరి ఫ్రేము స్పీడ్. మధ్యది 1/125 ఉంటే రెండు స్టాప్‌ల పైది 1/30, చేతులు నిలకడగా ఉన్నవాళ్లకి సరే. మధ్యదే 1/30 అయితే పైది 1/8, అది చేత్తో అయ్యే పని కాదు. గది లోపలి సీన్లకి ట్రైపాడ్ తప్పదు.

కదిలేవాటితో వచ్చే ఇబ్బందిని ఘోస్టింగ్ అంటారు. గాలికి ఊగే ఆకులు, నడిచే మనుషులు, అలలు, పరిగెత్తే మేఘాలు, ఇవన్నీ ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి, కలిపితే ఒకే మనిషి లేతగా మూడు చోట్ల కనిపిస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో డీఘోస్ట్ ఆప్షన్ పెడితే కదిలిన చోట ఏదో ఒక్క ఫ్రేమునే తీసుకుంటుంది. బాగానే ఉంటుంది కానీ ఆ చోట హెచ్‌డీఆర్ లాభం పోతుంది, చుట్టూ నున్నగా ఉండి ఆ ఒక్క కొమ్మ దగ్గర నాయిస్ కనిపించేది అందుకే. గాలి ఆగేదాకా ఒక నిమిషం ఆగడం, మనిషి దాటిపోయేదాకా ఆగడం, అన్నిటికంటే మంచి డీఘోస్ట్ అదే. చెట్టు మీద ఆకాశం సీన్ అయితే నేను డీఘోస్ట్‌ని తక్కువలోనే పెడతాను, ఎక్కువలో పెడితే అసలు కదలని చోట్లని కూడా కదిలినట్టు అనుమానించి ముక్కలు ముక్కలుగా చేస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. ప్రతి సీన్‌కీ హెచ్‌డీఆర్ అక్కర్లేదు, చాలా సీన్లకి అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు, పొగమంచు, నీడలో కూర్చున్న మనిషి, వీటన్నిటికీ ఒక్క రా ఫైల్ నిక్షేపంలా సరిపోతుంది. సూర్యాస్తమయానికి ఎదురుగా నల్లటి చెట్టు ఆకారం ఉంటే దాని అందమే ఆ నలుపు, అక్కడ బెరడు గీతలు చూపించడం కోసం ఐదు ఫ్రేములు తీయడం వల్ల ఫొటో పాడవుతుంది. ముందు ఒక్క ఫ్రేము తీయండి, ఆకాశం కాలకుండా ఎంత వెలుగు ఇవ్వగలిగితే అంత ఇచ్చి. దాన్ని ఎడిటర్‌లో వేసి నీడల్ని రెండు మూడు స్టాప్‌లు లేపి చూడండి. శుభ్రంగా వచ్చిందా, ఇక బ్రాకెట్ అవసరం లేదు. మీ సెన్సర్ ఎంతవరకూ భరిస్తుందో కొన్నాళ్లకి మీకే చూడగానే తెలిసిపోతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు ఈపాటికి మా ఫోన్ ఇదంతా చేసేస్తోంది కదా అనుకుంటూ ఉంటారు. నిజమే, చేస్తోంది. ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ మోడ్ 2010లో వచ్చింది, అది వేరువేరు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేది. 2013లో నెక్సస్ 5తో గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ వచ్చింది, దాని దారి వేరు, నాకు చాలా ఇష్టమైన ఆలోచన. మొదట్లో అది వేరువేరు ఎక్స్‌పోజర్లు కాకుండా, అన్నీ ఒకే తక్కువ ఎక్స్‌పోజర్‌లో చకచకా చాలా ఫ్రేములు తీసేది. తక్కువ ఎక్స్‌పోజర్ కాబట్టి ఆకాశం కాలదు, చేతి వణుకు అంటదు. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే నాయిస్ ఫ్రేముల సంఖ్యకి వర్గమూలం అంత తగ్గుతుంది, 9 ఫ్రేములైతే మూడో వంతుకి. అదే ఫోటాన్ల లెక్క, ఒకేసారి ఎక్కువసేపు పోగుచేయకుండా కొంచెం కొంచెంగా పోగుచేస్తోంది. ట్రైపాడ్ లేనప్పుడు మామూలు కెమెరాతో కూడా మీరు ఇదే చేయొచ్చు. ఫోన్‌లో నాకు నచ్చనిది ఒకటే, ఏది వెలుగ్గా ఉండాలి, ఏది చీకటిగా ఉండాలి అనే నిర్ణయం అది తీసేసుకుంటుంది. బ్రాకెట్ తీసి కంప్యూటర్‌లో కలిపితే ఆ నిర్ణయం మీది.

కలపడం దగ్గరికి వద్దాం. లైట్‌రూమ్, ఫొటోషాప్, ఫొటోమాటిక్స్ ఇవన్నీ ఈ పని చేస్తాయి, ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్, లూమినన్స్ హెచ్‌డీఆర్ ఉన్నాయి. ఐదు ఫైళ్లూ ఎంచుకుని మెర్జ్ అంటే, ఒక్కో చోట ఏ ఫ్రేములో మంచి సమాచారం ఉందో దాన్ని తీసుకుని ఒకే పెద్ద ఫైల్ తయారుచేస్తుంది. అది తెరవగానే చప్పగా, మబ్బుగా, మన ఐదు ఫ్రేముల్లో దేనికంటే కూడా నాసిగా కనిపించొచ్చు. కంగారు పడకండి, అది అలాగే ఉంటుంది. ఫైల్‌లో ఉన్న వెలుగు పరిధి మామూలు స్క్రీన్ చూపించగలిగేదానికంటే చాలా ఎక్కువ, దాన్ని స్క్రీన్‌కి సరిపోయేలా కుదించడమే టోన్ మ్యాపింగ్. హెచ్‌డీఆర్ బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

కుదించడానికి రెండు దారులు. మొత్తం ఫొటోకి ఒకే కర్వ్ (ఏ వెలుగుని ఎంత మార్చాలో చెప్పే గీత) వేయడం ఒకటి, నమ్మకమైన పద్ధతి కానీ ఫొటో కాస్త చప్పబడుతుంది. రెండోది లోకల్, ఒక్కో పిక్సెల్‌ని దాని చుట్టుపక్కలతో పోల్చి ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో నిర్ణయించడం. వివరం బాగా వస్తుంది. కానీ నల్లటి పైకప్పు, దాని వెనక తెల్లటి ఆకాశం ఉన్నాయనుకోండి, అంచు దగ్గరున్న ఆకాశం పిక్సెల్‌కి చుట్టుపక్కల సగం నలుపే. ఇది చీకటి ప్రాంతం కాబోలు అనుకుని ఆ ఆకాశాన్ని ఇంకా తెల్లగా లేపుతుంది. అంచు వెంబడి వెలుగు పట్టీ వస్తుంది, అదే హేలో. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ఫొటోల్లో చెట్ల చుట్టూ, గోపురాల చుట్టూ కనిపించే ఆ కాంతివలయం ఇదే. స్క్రీన్‌కి సరిపోయేలా చూస్తే తెలియకపోవచ్చు, 100 శాతానికి జూమ్ చేసి అంచులు వెంబడి ఒకసారి తిరిగి రండి.

నేను పాటించే పద్ధతి ఒక్కటే, సీన్‌లో వెలుగు వరస తారుమారు కాకూడదు. అసలు సీన్‌లో మేఘం అన్నిటికంటే పైన, తర్వాత బయటి ఎండ, తర్వాత కిటికీ పక్క గోడ, తర్వాత లోపలి గోడ, చివరికి బల్ల కింద. తేడాలు కుదించండి, ఎంతైనా కుదించండి, కానీ ఆ వరస అలాగే ఉండాలి. లోపలి గోడ బయటి మేఘమంత తెల్లగా వచ్చిందంటే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది, కిటికీ బయట ఏదో పోస్టర్ అతికించినట్టు ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి కళ్లు చికిలించి ఫొటో చూడండి, లేదా తాత్కాలికంగా బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, రంగులు పక్కకి తప్పుకుంటే వరస బయటపడుతుంది. నీడల స్లైడర్ చివరిదాకా, హైలైట్ల స్లైడర్ ఇంకో చివరిదాకా లాగేయడం అలవాటు చేసుకోవద్దు. నేను నీడల్ని కావలసినంత లేపాక మళ్లీ కొంచెం వెనక్కి తెస్తాను, బల్ల కింద ఉన్న వస్తువు ఏంటో గుర్తుపట్టేంత వెలుగుంటే చాలు, దాని మీద అక్షరాలు చదవాల్సిన పని లేదు. ఐదు ఫ్రేములు తీసింది నీడని చెరిపేయడానికి కాదు, నీడ శుభ్రంగా ఉండడానికి.

ఒకప్పుడు హెచ్‌డీఆర్ అంటే గరుకుగా, రంగులు పొంగిపోతూ, ఆకాశం ఉరుములొచ్చేలా ఉండే ఫొటోలే గుర్తొచ్చేవి. దాంతో చాలామంది మంచి ఫొటోగ్రాఫర్లు ఆ పేరు వింటేనే దూరంగా జరిగారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, లోపం బ్రాకెటింగ్‌లో లేదు, లోకల్ కాంట్రాస్ట్‌ని అతిగా లాగడంలో ఉంది. రంగుల విషయంలో కూడా అంతే, కుదించేటప్పుడు రంగులు వాటంతటవే చిక్కబడతాయి, కాబట్టి శాచురేషన్ పెంచడం మాట అటుంచి చాలాసార్లు కాస్త తగ్గించాల్సి వస్తుంది.

టోన్ మ్యాపింగ్ మీకు విసుగనిపిస్తే ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ ప్రయత్నించండి. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో చూపించిన పద్ధతి. మధ్యలో పెద్ద హెచ్‌డీఆర్ ఫైల్ ఏదీ తయారుచేయదు, ఒక్కో పిక్సెల్ ఏ ఫ్రేములో కాంట్రాస్ట్ బాగుంది, రంగు బాగుంది, మరీ చీకటీ మరీ వెలుగూ కాకుండా ఉంది అని చూసి, దాన్ని బట్టి మార్కులేసి నేరుగా కలిపేస్తుంది. ఎన్‌ఫ్యూజ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పనే చేస్తుంది. గది లోపలి ఫొటోలకి చాలా సహజంగా వస్తుంది, తిప్పాల్సిన స్లైడర్లు కూడా తక్కువ. మొదటి ఫొటోలు దీనితో చేసి, తర్వాత టోన్ మ్యాపింగ్‌కి వెళ్తే పోల్చుకోవడానికి చేతిలో ఒకటి ఉంటుంది.

గదిలో తీసేటప్పుడు బల్బుల సంగతి కూడా చూసుకోండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్, పసుపు బల్బు 2,700 దగ్గర. మామూలు ఫొటోలో బల్బు వెలుగు పడిన మూల చీకట్లో కలిసిపోతుంది కాబట్టి తెలియదు, హెచ్‌డీఆర్‌లో ఆ మూల పైకి లేస్తుంది కాబట్టి ఒక గోడ నీలంగా, ఇంకో గోడ నారింజగా కనిపిస్తుంది. వీలైతే బల్బులు ఆపేసి తీయండి, లేదంటే తర్వాత బ్రష్‌తో ఒక్కో మూలా సరిచేసుకోవాలి. ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే వేగమైన ఫ్రేముల్లో అడ్డచారలు పడతాయి, మెకానికల్ షట్టర్‌కి మారండి.

బ్రాకెట్లు కలిపాక అసలు ఫైళ్లని మాత్రం డిలీట్ చేయకండి. ఇన్నాళ్లూ మనం చేస్తున్నదంతా పెద్ద పరిధిని మామూలు స్క్రీన్‌లోకి కుదించడమే. ఇప్పుడు స్క్రీన్లే మారుతున్నాయి, 1,000 నిట్లు (స్క్రీన్ వెలుగుని కొలిచే యూనిట్), అంతకంటే ఎక్కువ వెలుగు ఇవ్వగల హెచ్‌డీఆర్ స్క్రీన్లు ఫోన్లలో మామూలైపోయాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అల్ట్రా హెచ్‌డీఆర్ అని ఒక ఫార్మాట్ పెట్టారు, చూడ్డానికి మామూలు జేపెగ్గే, లోపల గెయిన్ మ్యాప్ అని ఇంకో చిన్న పొర ఉంటుంది, ఎక్కడెక్కడ ఎంత వెలుగు పెంచాలో అది చెబుతుంది. పాత స్క్రీన్ మీద మామూలు ఫొటో కనిపిస్తుంది, కొత్త స్క్రీన్ మీద మేఘం నిజంగానే వెలుగుతుంది. లైట్‌రూమ్‌లో కూడా అదే ఏడాది హెచ్‌డీఆర్ స్క్రీన్ కోసం ఎడిట్ చేసే వీలు వచ్చింది. టోన్ మ్యాప్ చేసి సేవ్ చేసుకున్న పాత జేపెగ్ నుంచి ఈ వెలుగుని వెనక్కి తేలేం, అందులో పరిధి ఎప్పుడో కుదించుకుపోయింది. రా బ్రాకెట్లు ఉంటే మాత్రం మళ్లీ మెర్జ్ చేసి, హెచ్‌డీఆర్ బటన్ ఆన్ చేసి, మేఘాన్ని గోడకి మూడు స్టాప్‌ల పైన అలాగే వదిలేయొచ్చు. ఫోల్డర్‌కి తేదీ, సీన్ పేరు పెట్టి, ఐదు ఫ్రేముల్నీ ఒకే చోట ఉంచి, ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసి పెట్టుకోండి.